మీ తర్వాత మీ కాగితాలే మాట్లాడాలి: వీలునామా, నామినీ, లివింగ్ విల్ ఎలా రాసుకోవాలి

"మాకెందుకండీ వీలునామా, ఉన్నది ఒక్క ఇల్లు, ఇద్దరు పిల్లలు, వాళ్ళే పంచుకుంటారు" అనేవాళ్ళు మన చుట్టూ బోలెడు మంది. సరే, రాయలేదనుకుందాం. అప్పుడు హిందువులకు 1956 నాటి వారసత్వ చట్టం ప్రకారం పంపకం జరుగుతుంది. మగాయన చనిపోతే భార్య, కొడుకులు, కూతుళ్ళు, తల్లి, వీళ్ళందరికీ సమాన వాటా. ఇద్దరు పిల్లలున్న నలభై ఏళ్ళ ఉద్యోగి హఠాత్తుగా పోతే అతని పేరు మీదున్న ఫ్లాటు నాలుగు వాటాలవుతుంది: భార్యకు ఒకటి, పిల్లలకు చెరొకటి, తల్లికి ఒకటి. తండ్రికి ఏమీ రాదు. పైగా పిల్లలు మైనర్లైతే వాళ్ళ వాటా అమ్మాలంటే కన్నతల్లికి కూడా కోర్టు అనుమతి కావాలి, అంటే హోమ్ లోను ఈఎంఐ కట్టలేక ఫ్లాటు అమ్మేద్దామనుకున్న ఆవిడ ముందు కోర్టు మెట్లు ఎక్కాలి. ఒక్క పేజీ వీలునామా ఉంటే ఈ తిప్పలు ఉండవు.

ఆడవాళ్ళ విషయంలో చట్టం ఇంకా విచిత్రం. పిల్లలు లేరు, భర్త పోయాడు, సొంత జీతంతో ఇల్లు కొనుక్కుంది, వీలునామా రాయకుండా పోయింది. ఆ ఇల్లు ముందు భర్త తరఫు వారసులకు వెళ్తుంది, వాళ్ళెవరూ లేకపోతేనే ఆమెను కన్న తల్లిదండ్రులకు. పుట్టింటి నుంచి వారసత్వంగా వచ్చిన ఆస్తి అయితే తండ్రి తరఫు వారసులకు తిరిగి వెళ్తుంది గానీ, ఆమె సంపాదనకు ఆ రక్షణ లేదు. ఉద్యోగం చేసే ఆడవాళ్ళు మగవాళ్ళకన్నా ముందు వీలునామా రాసుకోవాలని నేను అనేది ఇందుకే.

క్రైస్తవులకు పంపకం లెక్క వేరు, అది 1925 భారతీయ వారసత్వ చట్టంలో ఉంటుంది. ముస్లింలు అంత్యక్రియల ఖర్చు, అప్పులు పోగా మిగిలినదాంట్లో మూడో వంతు వరకే వీలునామా ద్వారా ఇవ్వగలరు, అదీ వారసుల్లో ఒకరికి ఇవ్వాలంటే మిగతావాళ్ళు ఒప్పుకోవాలి. ఇక్కడి నుంచి రాసేది ఎక్కువగా హిందూ కుటుంబాలను దృష్టిలో పెట్టుకుని.

ముందు మీది ఏదో తేల్చుకోండి

కలం పట్టే ముందు రెండు జాబితాలు వేయండి, స్వార్జితం ఒకటి, పిత్రార్జితం ఒకటి. మీ సంపాదనతో కొన్నది మీ ఇష్టం వచ్చినవాళ్ళకు రాయొచ్చు, పక్కింటాయనకు రాసినా కాదనేవాళ్ళు లేరు. పిత్రార్జితంలో మాత్రం మీ వాటా వరకే రాయగలరు. తాతల నాటి నాలుగెకరాలూ పెద్దకొడుకు పేర వీలునామా రాసేసి నిశ్చింతగా ఉన్నవాళ్ళున్నారు, అది మిగతా పిల్లల వాటాల దగ్గరికొచ్చేసరికి చెల్లదు.

ఆడపిల్లల వాటా గురించి ఇప్పటికీ "కట్నం ఇచ్చాం కదా" అనే మాట వినిపిస్తుంది. ఉమ్మడి ఆంధ్రప్రదేశ్‌లో ఎన్టీ రామారావు ప్రభుత్వం తెచ్చిన సవరణ 1985 సెప్టెంబర్ 5 నుంచి, అప్పటికి పెళ్ళి కాని కూతుళ్ళకు ఉమ్మడి ఆస్తిలో కొడుకులతో సమానంగా పుట్టుకతో హక్కు ఇచ్చింది. దేశమంతా ఆ హక్కు 2005లో వచ్చింది, 2005 నాటికి తండ్రి బతికి ఉండాల్సిన పని కూడా లేదని 2020లో సుప్రీంకోర్టు తేల్చేసింది. కట్నం ఇచ్చామన్న వాదన కోర్టులో నిలబడదు, కాబట్టి దాని మీద ఆధారపడి వీలునామా రాయకండి.

రాయడం

వీలునామా మీరు లేని రోజున చదివే కాగితం. చదివేది మిమ్మల్ని ఎన్నడూ చూడని తహసీల్దారు, బ్యాంకు మేనేజరు, ఖర్మ కాలితే జడ్జి. వాళ్ళకు అనుమానం రాకుండా ఉండటమే అసలు పని, భాష ఎంత గంభీరంగా ఉందన్నది ఎవరికీ అక్కర్లేదు.

స్టాంపు పేపరు అవసరం లేదు, తెల్లకాగితం చాలు. తెలుగులో రాయొచ్చు, చేత్తో రాయొచ్చు, టైపు చేయించొచ్చు. పద్దెనిమిదేళ్ళు నిండి, మతి స్థిమితంగా ఉన్న ఎవరైనా రాయొచ్చు. మొదట మీ పేరు, తండ్రి లేదా భర్త పేరు, వయసు, చిరునామా. పేరు దగ్గర మనవాళ్ళకు ప్రత్యేకమైన తలనొప్పి ఒకటుంది: ఆధార్‌లో ఇంటిపేరు పూర్తిగా, పట్టాదారు పాసు పుస్తకంలో పొడి అక్షరం, పదో తరగతి సర్టిఫికెట్‌లో ఇంకో స్పెల్లింగు, బ్యాంకులో ఇంటిపేరు చివర. ఎన్ని రకాలుగా ఉంటే అన్నీ "అలియాస్" అని పెట్టి వీలునామాలోనే రాసేయండి, ఈ పేర్లన్నీ నావే అని ఒక వాక్యం చేర్చండి. తర్వాత పిల్లలు ఆ ఒక్క వాక్యం కోసం అఫిడవిట్లు పట్టుకుని తిరగక్కర్లేదు.

తర్వాత ఇలాంటి వాక్యం ఒకటి: "నేను ప్రస్తుతం పూర్తి తెలివితో ఉండి, ఎవరి బలవంతం, ప్రేరేపణ లేకుండా, నా ఇష్టప్రకారం ఈ వీలునామా రాస్తున్నాను. ఇంతకు ముందు నేను రాసిన వీలునామాలన్నీ ఇందుమూలంగా రద్దు చేస్తున్నాను."

ఆస్తి వివరాలు గుడ్డిగా "నా ఊళ్ళో పొలం" అని రాస్తే పనికిరావు. పొలానికి గ్రామం, మండలం, సర్వే నంబరు, విస్తీర్ణం (ఆంధ్రలో ఎకరాలు సెంట్లు, తెలంగాణలో ఎకరాలు గుంటలు), నాలుగు వైపులా హద్దులు. ప్లాటుకు గజాలు, ప్లాటు నంబరు, మీకు ఆ ఆస్తి వచ్చిన దస్తావేజు నంబరు, సంవత్సరం. బంగారం, డిపాజిట్లు, షేర్లు విడివిడిగా. ఇవన్నీ అయ్యాక "పైన చెప్పనివి, ఇక ముందు నాకు వచ్చేవి అన్నీ ఫలానావారికి" అని ఒక ముక్క తప్పక రాయండి, ఎందుకంటే వీలునామా రాసిన పదేళ్ళకు కొన్న స్థలం అందులో ఉండదు కదా. మీరు ఎవరికి రాశారో వాళ్ళే మీకంటే ముందు పోతే ఆ వాటా ఎవరికి చెందాలన్నది కూడా రాయండి, దీన్ని నూటికి తొంభై మంది మర్చిపోతారనే నా అనుమానం.

భార్యకు రాసే పద్ధతి దగ్గర కాస్త ఆగాలి. "నా భార్య బతికున్నంత కాలం అనుభవించి, ఆమె తదనంతరం నా కొడుకులకు చెందవలెను" అని రాయడం మనవైపు మామూలు. ఆంధ్రప్రదేశ్ నుంచే వెళ్ళిన తులశమ్మ కేసులో 1977లో సుప్రీంకోర్టు, భరణం హక్కు కింద స్త్రీకి ఇచ్చిన పరిమిత హక్కు సంపూర్ణ హక్కుగా మారిపోతుందని చెప్పింది. ఎక్కడ మారుతుంది, ఎక్కడ మారదు అనే దాని మీద ఇప్పటికీ వ్యాజ్యాలు నడుస్తున్నాయి. ఆమెకు పూర్తిగా ఇవ్వాలనుకుంటే "సర్వహక్కులతో" అని రాసి వదిలేయండి, నా ఓటు దానికే, ముసలితనంలో ఆస్తి ఆవిడ చేతిలో ఉంటేనే పిల్లలు ఫోన్ చేస్తారు. లేదు, జీవితకాల హక్కే ఇవ్వాలనుకుంటే ఆ ఒక్క పేరా లాయరుతో రాయించండి.

ఎవరికైనా ఇవ్వకూడదనుకుంటే పేరు ఎత్తకుండా వదిలేయకండి. కొడుకుల్లో ఒకరి ఊసే లేకపోతే "ఆయనకు మతి లేని టైంలో సంతకం పెట్టించారు" అనే మాట వెంటనే పుడుతుంది. ఫలానా కూతురికి ఇల్లు కట్టుకోవడానికి అప్పుడే డబ్బు ఇచ్చాను కాబట్టి ఇందులో వాటా ఇవ్వడం లేదు అని రెండు వాక్యాల్లో కారణం రాయండి, తిట్లు మాత్రం వద్దు.

సాక్షులు, ఇదే అసలు కీలకం

1925 చట్టం సెక్షన్ 63 ప్రకారం కనీసం ఇద్దరు సాక్షులు కావాలి. మీరు సంతకమో వేలిముద్రో వేయడం వాళ్ళు చూడాలి, లేదా ఇది నా సంతకమే అని మీరు వాళ్ళకు చెప్పాలి, తర్వాత వాళ్ళు మీ ఎదురుగా సంతకం చేయాలి. సాక్షులకు లోపల ఏం రాసుందో చదివి చెప్పాల్సిన పని లేదు. మీరు పోయాక వీలునామా మీద గొడవొస్తే ఆ ఇద్దరిలో బతికున్న కనీసం ఒకరు కోర్టుకొచ్చి "మా ముందే సంతకం పెట్టాడు" అని చెప్పాలి. అందుకని డెబ్బై దాటిన మీ స్నేహితుణ్ణి కాకుండా మీకన్నా చిన్నవాళ్ళను, ఊళ్ళో దొరికేవాళ్ళను పెట్టుకోండి. డాక్యుమెంట్ రైటర్ ఆఫీసు బయట నిలబడ్డ మనిషిని పిలిచి సాక్షి సంతకం పెట్టించడం చాలా చోట్ల జరిగేదే. పదిహేనేళ్ళ తర్వాత ఆ మనిషిని ఎవరు వెతుకుతారు? ఆస్తి పొందేవాళ్ళను, వాళ్ళ భార్యాభర్తలను సాక్షులుగా పెట్టకండి. సాక్షుల పేరు, చిరునామా, ఫోన్ నంబరు స్పష్టంగా రాయించండి.

1959లో వెంకటాచల అయ్యంగార్ కేసులో సుప్రీంకోర్టు చెప్పిన సూత్రాన్నే కోర్టులు ఇప్పటికీ పాటిస్తున్నాయి: వీలునామా చుట్టూ అనుమానాలుంటే వాటిని తొలగించే బాధ్యత ఆ వీలునామా పట్టుకొచ్చినవాళ్ళదే. వణికిన సంతకం, ఆస్పత్రి మంచం మీద రాయడం, ఎక్కువ వాటా పొందేవాడే దగ్గరుండి అన్నీ నడిపించడం, ఇవన్నీ అనుమానాలే. వయసు మీద పడినవాళ్ళైతే అదే రోజు డాక్టరుతో మానసిక స్థితి బాగుందని సర్టిఫికెట్ రాయించి జత చేయండి. ప్రతి పేజీ మీద సంతకం, కొట్టివేతలు లేకుండా. వీడియో తీసుకోవచ్చు, కానీ పక్కన కొడుకు నిలబడి "చెప్పు నాన్నా" అని అందిస్తుంటే ఆ వీడియో మీకే ఎదురు తిరుగుతుంది.

రిజిస్ట్రేషన్ చేయించాలా

తప్పనిసరి కాదు. కానీ చేయించండి. వీలునామాకు స్టాంపు డ్యూటీ లేదు, ఫీజు చిన్నదే. సబ్ రిజిస్ట్రార్ ఆఫీసుకు సాక్షులతో వెళ్తే ఫోటో, వేలిముద్రలు తీసుకుంటారు, కదలలేని వాళ్ళకు ఇంటికొచ్చి చేసే వీలు కూడా ఉంది. రిజిస్టరైన వీలునామా ఆ ఆఫీసులో వీలునామాలకు విడిగా ఉండే మూడో పుస్తకంలో నమోదవుతుంది, మీరు బతికున్నంత కాలం సర్టిఫైడ్ కాపీ మీకు, లేదా మీరు అధికారం ఇచ్చిన ఏజెంటుకు తప్ప ఇంకెవరికీ ఇవ్వరు, ఈసీ (ఆస్తి మీద జరిగిన లావాదేవీల చిట్టా) తీసినా కనిపించదు. కాబట్టి పిల్లలకు తెలిసిపోతుందన్న భయం వద్దు. ఇంకా రహస్యంగా కావాలంటే సీలు వేసిన కవర్లో పెట్టి జిల్లా రిజిస్ట్రార్ దగ్గర డిపాజిట్ చేసే పద్ధతీ ఉంది.

ఇక్కడ ఒక అపోహ. రిజిస్టరైంది గెలుస్తుంది, కానిది ఓడుతుంది అనుకుంటారు. కాదు, సక్రమంగా రాసిన ఆఖరిది ఏదో అదే చెల్లుతుంది, అది తెల్లకాగితం మీదున్నా సరే. అందుకే మనసు మారి కొత్తది రాస్తే పాతది ఏ తేదీన, ఏ నంబరుతో రిజిస్టరైందో చెప్పి మరీ రద్దు చేయండి. మన రెండు రాష్ట్రాల్లో హిందువుల వీలునామాకు ప్రొబేట్ (వీలునామా నిజమైనదేనని కోర్టు ఇచ్చే ధృవీకరణ) తప్పనిసరి కాదు, కానీ వారసుల మధ్య పేచీ ఉంటే సివిల్ కోర్టుకు వెళ్ళక తప్పదు.

వీలునామానా, ఇప్పుడే రాసివ్వడమా

"బతికుండగానే పిల్లల పేర దాన సెటిల్మెంట్ చేసేస్తే ప్రశాంతంగా ఉంటుంది" అంటారు. ప్రశాంతత ఎవరికి? సెటిల్మెంట్ రిజిస్టరైన రోజే ఆస్తి మీ చేయి దాటిపోతుంది, వీలునామా అయితే చివరి శ్వాస వరకు మార్చుకోవచ్చు. అయినా ఇవ్వాల్సి వస్తే "నన్ను, నా భార్యను జీవితాంతం పోషించాలి, వైద్యం చూడాలి" అనే షరతు దస్తావేజులోనే రాయించండి. 2007 నాటి తల్లిదండ్రులు, వయోవృద్ధుల పోషణ చట్టం సెక్షన్ 23 కింద, ఆ షరతు తప్పితే ఆర్డీఓ దగ్గర ఉండే ట్రిబ్యునల్‌కు వెళ్ళి రద్దు కోరవచ్చు. షరతు రాయకపోతే కేసు బలహీనపడుతుంది.

అమెరికాలోనో ఆస్ట్రేలియాలోనో పిల్లలున్నవాళ్ళకు ఇంకో సంగతి. విదేశాల్లో స్థిరపడిన పిల్లలు, ఓసీఐ కార్డున్నవాళ్ళు (విదేశీ పౌరసత్వం తీసుకున్న మనవాళ్ళు) సహా, ఇక్కడ వ్యవసాయ భూమి కొనకూడదు, గిఫ్టుగానూ తీసుకోకూడదు, కానీ వారసత్వంగా పొందొచ్చు. అంటే పొలం వాళ్ళకు చేరాలంటే సెటిల్మెంట్ దారి కాదు, వీలునామానే దారి. ఆ పిల్లలు కూడా అక్కడి ఆస్తులకు అక్కడో విల్లు, ఇక్కడి ఆస్తులకు ఇక్కడో వీలునామా రాసుకుంటే మంచిది, కాకపోతే రెండోదాంట్లో "ఇంతకు ముందువన్నీ రద్దు" అని అలవాటుగా రాసేస్తే మొదటిది ఎగిరిపోతుంది, "భారతదేశంలోని ఆస్తులకు సంబంధించినవి మాత్రమే" అని రాయాలి. అలాగే నాన్న ఇచ్చిన జీపీఏ (తన తరఫున వ్యవహరించమని ఇచ్చే అధికార పత్రం) చేతిలో ఉంది కదా అని ఆయన పోయాక దాంతో స్థలం అమ్మబోతారు కొందరు. జీపీఏ ఇచ్చిన మనిషి ప్రాణంతోనే దాని ప్రాణమూ పోతుంది.

నామినీ ఓనరు కాదు

బ్యాంకు నామినీకి డబ్బు ఇచ్చేసి చేతులు దులుపుకుంటుంది, కానీ ఆ డబ్బు చట్టప్రకారం వారసులది, లేదా వీలునామాలో ఎవరికి రాశారో వాళ్ళది. షేర్ల విషయంలోనూ ఇంతేనని సుప్రీంకోర్టు 2023 డిసెంబర్‌లో స్పష్టం చేసింది. బీమా పాలసీల్లో మాత్రం 2015 సవరణ తర్వాత భార్య, భర్త, పిల్లలు, తల్లిదండ్రులు నామినీలైతే డబ్బు వాళ్ళదే అవుతుంది. బ్యాంకు ఖాతాలకు 2025 నవంబర్ 1 నుంచి నలుగురి దాకా నామినీలను పెట్టొచ్చు. వీలునామాలో ఒకరి పేరు, నామినేషన్‌లో ఇంకొకరి పేరు ఉంటే మీరే చేతులారా గొడవ పెట్టినట్టు, కూర్చుని రెండూ కలపండి. పెళ్ళికి ముందు వేసిన ఈపీఎఫ్ నామినేషన్ పెళ్ళయ్యాక కొత్తగా వేయాలి, ఇది చాలామంది కుర్రాళ్ళు పట్టించుకోరు.

మాట పడిపోతే

మన దగ్గర జీపీఏ ఇచ్చిన మనిషికి మతి తప్పితే కూడా అది చెల్లకుండా పోతుంది. భర్త కోమాలోకి వెళ్తే అతని ఒక్కడి పేరున్న ఖాతాలోంచి ఆస్పత్రి బిల్లుకు డబ్బు తీయడానికి భార్య హైకోర్టుకు వెళ్ళాల్సిన పరిస్థితులు వచ్చాయి. ఇద్దరిలో ఎవరైనా తీసుకునేలా జాయింట్ ఖాతా ఒకటి ఉంచుకోవడం దీనికి తేలికైన విరుగుడు.

వైద్యం విషయానికొస్తే, లివింగ్ విల్ (మీరు చెప్పలేని స్థితిలో ఉంటే ఏ వైద్యం వద్దో ముందే రాసిపెట్టే కాగితం) చెల్లుతుందని సుప్రీంకోర్టు 2018 మార్చి 9న చెప్పింది. అప్పట్లో మేజిస్ట్రేట్ సంతకం కావాలన్నారు, అది జరిగే పని కాదని తెలిసి 2023 జనవరిలో సులువు చేశారు. ఇప్పుడు ఇద్దరు సాక్షుల ముందు సంతకం చేసి, నోటరీ లేదా గెజిటెడ్ అధికారితో ధృవీకరణ చేయిస్తే చాలు. "కోలుకునే ఆశ లేదని డాక్టర్లు తేల్చిన జబ్బులో, నా నిర్ణయం నేను చెప్పలేని స్థితిలో ఉంటే, వెంటిలేటర్ పెట్టవద్దు, పెట్టి ఉంటే తీసేయండి, డయాలసిస్ వద్దు, గుండె ఆగితే మళ్ళీ కొట్టించే ప్రయత్నం వద్దు, నొప్పి తగ్గించే మందులు మాత్రం ఆపవద్దు" అని పేరుపేరునా రాయండి. "అనవసర వైద్యం వద్దు" అని రాస్తే అర్ధరాత్రి ఐసీయూలో డ్యూటీ డాక్టరుకు దానితో ఏం చేయాలో తెలియదు. మీ తరఫున మాట్లాడేవాళ్ళ పేర్లు రాయండి, ఒకరికన్నా ఎక్కువమంది ఉండొచ్చు. పెద్దకొడుకు అని కాకుండా, ఏడుస్తూ కూడా మీ మాట నిలబెట్టగలిగే మనిషిని ఎంచుకోండి. వాళ్ళకొక కాపీ, ఫ్యామిలీ డాక్టరుకొకటి, మున్సిపాలిటీ లేదా పంచాయతీలో అధికారికి ఒకటి.

ఇది రాశారు కదా అని డాక్టరు ఒక్కడే ప్లగ్ పీకేయడు. ఆస్పత్రిలో వైద్యుల బోర్డు ఒకటి చూస్తుంది, జిల్లా వైద్యాధికారి నియమించిన డాక్టరుతో రెండో బోర్డు చూస్తుంది, ఒక్కో బోర్డు వీలైతే 48 గంటల్లో అభిప్రాయం చెప్పాలి, తీసేముందు మేజిస్ట్రేట్‌కు సమాచారం ఇస్తారు. ఇంజెక్షన్ ఇచ్చి చంపడం మాత్రం మన దేశంలో నేరమే, లివింగ్ విల్‌లో అది అడగడానికి వీల్లేదు.

అవయవదానానికి ప్రభుత్వ పథకం జీవన్‌దాన్‌లో పేరు నమోదు చేసుకోవచ్చు. అయితే బ్రెయిన్ డెడ్ అయ్యాక ఆస్పత్రివాళ్ళు ఇంట్లోవాళ్ళనే అడుగుతారు, వాళ్ళు వద్దంటే మీ కార్డు జేబులోనే ఉండిపోతుంది. కాబట్టి ఈ ఒక్క విషయం కాగితం మీద కన్నా భోజనాల దగ్గర చెప్పడం ముఖ్యం. అవయవదానం కోరిక వీలునామాలో మాత్రమే రాయకండి, దాన్ని సాధారణంగా పదో రోజు తర్వాతే తీస్తారు.

ఒక్క ఫైలు

అసలు వీలునామా బ్యాంకు లాకరులో పెట్టి, ఆ లాకరు మీ ఒక్కరి పేరే ఉంటే, దాన్ని తెరవడానికే మీవాళ్ళు తిరగాలి. ఇంట్లోనే ఒక ఫైలు, అది ఎక్కడుందో కనీసం ఇద్దరికి తెలియాలి. అందులో దస్తావేజులు, లింక్ డాక్యుమెంట్లు, పాసు పుస్తకం, పాలసీలు, డీమాట్ వివరాలు, ఫోన్ తెరిచే పద్ధతి. పదేళ్ళు కదలని బ్యాంకు డిపాజిట్లు రిజర్వు బ్యాంకు నిధికి వెళ్ళిపోతాయి, తర్వాత ఉద్గమ్ పోర్టల్లో వెతికి క్లెయిమ్ చేసుకోవచ్చు గానీ, ఏ బ్యాంకులో ఉందో రాసి పెడితే ఆ వెతుకులాట ఎందుకు.

అప్పుల చిట్టా కూడా అందులోనే. మీరు ఇవ్వాల్సినవి మీ ఆస్తిలోంచే తీర్చాలి, వారసులు తమ సొంత జేబులోంచి కట్టక్కర్లేదు, ఈ మాట అప్పులవాళ్ళ ఒత్తిడికి భయపడే భార్యకు ముందే చెప్పి ఉంచండి. మీకు రావాల్సినవి ఇంకా ముఖ్యం, ఎందుకంటే మనవాళ్ళు వడ్డీకి తిప్పిన డబ్బుకు సాక్ష్యం ఆ ప్రోనోటు ఒక్కటే. దాని గడువు మూడేళ్ళు. ప్రతి నోటు పక్కన ఎవరిది, ఎంత, ఏ తేదీ, ఆఖరిసారి ఎప్పుడు కట్టి వెనకాల సంతకం పెట్టాడు అన్నది రాసి, ముందు గడువు తీరేది పైన ఉండేలా సర్దండి.